బళ్లారి రాఘవాచార్యులవారును వారి సామాజికులును

నాటకమును వ్రాయువాడు కవి, ఆడువాడు నటుడు, చూచువాడు ప్రేక్షకుడు. ఈ మువ్వురిలో కవి పేరు గ్రంథముపై నిలుచును. నటుని పేరు పదిమంది నోళ్ల నానును. ప్రేక్షకుని పేరు మాత్రము ఎక్కడను వ్రాయబడదు. ఐనను మన ప్రాచీనులు వానికి సామాజికుడని గౌరవనామమిడి, రసము నిలుచు తావు వాని హృదయమే యని నిర్ణయించిరి. భరతముని తన నాట్యశాస్త్రమున నాటకము ఫలించినదో లేదో తెలిసికొను విధమును సిద్ధి యను పేరుతో ఒక యధ్యాయమున వివరించెను. ఆ సిద్ధి రెండు తెఱగులు. చూచువారు నవ్వుట, మెచ్చి కేకలిడుట, అయ్యో యని వాపోవుట, గగుర్పొడుచుట, ఆసనములనుండి లేచుట, వస్త్రములును ఉంగరములును విసరుట మానుషసిద్ధి. సభ నిండియుండియు సవ్వడి లేక, కలత లేక యుండుట దైవసిద్ధి. ఈ రెండవ సిద్ధిని తెలుగు సామాజికునియందు చూడగోరి, మొదటిదానితో జీవితాంతము పెనగులాడిన నటుడొకడు మన పొరుగుసీమయందే జన్మించెను. వారే బళ్లారి రాఘవ యని లోకము పిలిచిన తాడిపత్రి రాఘవాచార్యులవారు.

మా కొనకనమిట్లకును బళ్లారికిని ఏమి సంబంధమని కొందఱు అడుగవచ్చును. 1970వ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగా జిల్లా యేర్పడువఱకు మాకు చేరువనున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. కర్నూలును బళ్లారియు దత్తమండలములయందు తోబుట్టువులవంటివి. గుంటకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా బెజవాడకు పోవు రైలుమార్గము ఆ సీమను ఈ సీమను కలిపినది. మాది వానలు చాలని మెట్టపొలముల సీమ. మా పిల్లలు మార్కాపురపు పలకలపై ఓనమాలు దిద్దినవారు. ఇట్టి చోట కోతలైన పిమ్మట నాటకమాడింపని పెద్దయూరు పూర్వము అరుదుగా నుండెడిది. కావున నాటకము చూచువారి ధర్మమెట్టిదో విచారించుట మాకు పరాయి ప్రసంగము కాదు.

రాఘవాచార్యులవారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రియందు జన్మించిరి. ఆ యేటనే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వ్యవహారధర్మబోధినిని విద్యార్థులచేత ఆడించిరి. తెలుగునందు నవీన నాటకప్రదర్శనమునకు అదియే ఆదియని పెద్దలు లెక్కింతురు. నటుడును నాటకరంగమును ఒక్క యేటనే కన్ను తెఱచుట విశేషము. తండ్రి నరసింహాచార్యులవారు బళ్లారి పాఠశాలలో తెలుగు పండితులు. కావున ఆ బాలునకు భాష యింటి సొమ్ము. పాండిత్యము ఉగ్గుపాలతో వచ్చినది.

మేనమామ మఱింత పేరుగన్నవారు. ఆంధ్రనాటక పితామహుడని ప్రసిద్ధికెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారే ఆ మేనమామ. వారు బళ్లారిలో సరసవినోదినీసభను స్థాపించి, చిత్రనళీయము మొదలుగాగల నాటకములను తామే వ్రాసి, తామే ఆడి, తెలుగు నాటకమున పాటలకును పద్యగానమునకును పీఠము వేసిరి. ఆ యూరనే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమసభను నడపుచు చారిత్రక నాటకములు వ్రాయుచుండిరి. ఒక్క పట్టణమున రెండు సభలు పోటీపడుటచేత బళ్లారి జనులు తెలుగునాట ఇతరులకంటె ముందుగ నాటకమును తూచి చూచుట నేర్చిరి. కన్నడము, తెలుగు, ఉర్దూ కలసి వినబడు ఆ యూరి సామాజికులు మాటకంటె ముఖమును, ముఖముకంటె కన్నును కనిపెట్టువారు. వారే రాఘవాచార్యులవారికి తొలి గురువులని మా యభిప్రాయము. మేనమామ పాటను రంగముపైకి తెచ్చెను. మేనల్లుడు ఆ పాట మితిమీరినపుడు దానిని అదుపుచేయ యత్నించెను. ఈ వింతయందే వారి చరిత్రము యొక్క బీజము కలదు.

రాఘవాచార్యులవారు మదరాసు క్రైస్తవ కళాశాలలో 1905వ సంవత్సరమున పట్టము పుచ్చుకొని, పిమ్మట న్యాయశాస్త్రము చదివి, బళ్లారిలో న్యాయవాదులైరి. ప్రభుత్వపక్షమున వాదించు పదవియు వారికి లభించెను. న్యాయస్థానము సైతము ఒక రంగమే. అచట వినువాడు చప్పట్లు చఱచడు, మఱల చెప్పుమని కోరడు. మౌనముగ విని తీర్పు చెప్పును. అట్టి శ్రోత యెదుట పగలెల్ల నిలిచినవాడు రాత్రి రంగమునందును అట్టి శ్రోతనే కోరుట సహజము. వృత్తివలన జీవనము గడచుచుండుటచే నాటకమువలన తమకై ధనము కోరవలసిన యక్కఱ వారికి లేకపోయెను. నాటకములవలన వచ్చిన రాబడిని ధర్మకార్యములకు ఇచ్చుచుండెడివారు. ప్రేక్షకుని టిక్కెట్టు డబ్బుపై బ్రతుకువాడు వాని యిష్టమునకు లొంగక తప్పదు. లొంగక నిలువగల స్వాతంత్ర్యము వారికి ఆ వకీలు గౌనే యిచ్చినది.

ఆ కాలపు నాటకశాల స్థితిని చదువరులు ఒకింత తలచుకొనవలెను. రంగము ప్రక్కన హార్మోనియము. దాని పట్టున నిలిచి నటుడు పద్యమెత్తుకొనును. పద్యము నాలుగు పాదములే, రాగాలాపన పావుగంట. ముగిసినంతనే వెనుకనుండి వన్సుమోరను కేక లేచును. మృతపుత్రుని ఒడిలోనుంచుకొని విలపించు చంద్రమతి కన్నీరు తుడుచుకొని, సభకు నమస్కరించి, ఆ విలాపమునే మఱల మొదటినుండి పాడవలెను. పాడకున్న గోల, పాడిన మఱియొక కేక. కొన్నిచోట్ల నాణెములు, నోట్లు, పతకములు నడుమనే అందుచుండెడివి. ఇచ్చినవారి పేరు రంగముపైనుండి చదువబడుచుండెడిది. యుద్ధమునకు పోవలసిన అర్జునుడు ఆ పట్టిక ముగియువఱకు గాండీవముతో నిలిచియుండును.

దీనికి నటుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. నాటకములాడించు గుత్తదారుడు గాత్రము గల నటునికి ఎక్కువ సొమ్మిచ్చెడివాడు. ఏలయన జనులు ఆ గాత్రము కొఱకే టిక్కెట్టు కొనెడివారు. ఒకే నాటకమున ఒక్కొక్క యంకమునకు ఒక్కొక్క కృష్ణుని దింపు ఆచారమును ఇట్లే పుట్టినది. ఏ కృష్ణుడు మేలని జనులు పందెములు కాచిరి. కోడిపందెములయందును కుస్తీలయందును ఉండు ఉత్సాహము నాటకశాలకు వచ్చెను. కేక కొలది కీర్తి, కీర్తి కొలది కూలి. ఈ విధమున ప్రేక్షకుడు తనకు తెలియకయే నాటకమును తిరిగి వ్రాయుచుండెను. మాటలు తఱిగెను, రాగములు పెరిగెను, కథ నడుమ నిలిచిపోయెను.

రాఘవాచార్యులవారు ఈ ప్రవాహమునకు ఎదురీదిరి. పద్యమును వారు విడనాడలేదు. దానిని మాటవలె, భావము తెలియునట్లు, పాత్రము యొక్క గుండెలోనుండి వచ్చునట్లు చెప్పిరి. రాగమును సాగదీయుటను నిరసించిరి. చంపబోవువాడును చావబోవువాడును తాళము తప్పక పాడుట లోకమున లేదని వారి మతము. పాట కొఱకే వచ్చిన జనుల యెదుట పాట తగ్గించి నిలుచుట ఎంత సాహసమో రంగమెఱిగినవారికి తెలియును. రాత్రి పది గంటలకు చాపలు చుట్టుకొని వచ్చి, తెల్లవారువఱకు గానము వినగోరి కూర్చున్నవానికి చూపును, నిట్టూర్పును, నడుమ నిశ్శబ్దమును ఇచ్చి తృప్తిపఱుపవలెను. అది సాధ్యమగుటకు నటుని ముఖమే పద్యము కావలెను.

వారి విషయమున అట్లే జరిగినది. హరిశ్చంద్రుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, దశరథుడు, చాణక్యుడు, శివాజీ, ఔరంగజేబు వంటి పాత్రములను ధరించి వారు పేరొందిరి. బళ్లారిలో షేక్స్పియరు నాటకములాడుటకు ఒక సమాజమును నెలకొల్పి, ఆంగ్లమునను నటించిరి. కన్నడమునను హిందీలోను వేషములు వేసిరి. భాష మాఱినను సామాజికుడు తమను విడువకుండుట చూచి, అభినయము భాషకు పూర్వమున్న భాషయని వారు గ్రహించియుందురు. వాచికము నాలుగు విధముల అభినయములలో ఒకటి మాత్రమేగదా. ఆంగిక, సాత్త్విక, ఆహార్యములును కలవని భరతుడు చెప్పినది వారు అనుష్ఠించి చూపిరి. ఆ సాత్త్వికమే వారి బలము.

వారి పాత్రములలో పఠాను రుస్తుము మిక్కిలి ప్రసిద్ధము. కోలాచలము శ్రీనివాసరావుగారు విజయనగర సామ్రాజ్య పతనమును ఇతివృత్తముగ గైకొని వ్రాసిన రామరాజు నాటకమున ఆ పాత్రము వచ్చును. 1565వ సంవత్సరపు యుద్ధము దత్తమండలముల వారికి పుస్తకములలోని కథ కాదు. హంపీ శిథిలములు బళ్లారికి చేరువనే యున్నవి. నాటకము చూచినవారికి ఉద్రేకము కలుగుచుండెను. మతకలహములు రేగునను భీతితో ఆంగ్లప్రభుత్వము ఆ నాటకమును నిషేధించినది. ఇచట ఒక విషయము గమనింపదగును. ప్రభుత్వము భయపడినది కాగితముపైనున్న మాటలకు కాదు. ఒక్కచోట కూడి, ఒక్క ఊపిరితో చూచు వేయిమందికి. ఇంటిలో చదువునపుడు మనుష్యుడు ఒంటరి. నాటకశాలలో వాడు సభ. సభకు గల శక్తిని కవులకంటె ముందుగ పాలకులే గుర్తించిరి.

వారి సామాజికులలో మహనీయులును ఉండిరి. 1919వ సంవత్సరమున బెంగుళూరునందు రవీంద్రనాథ ఠాకూరుగారు వారి పఠాను వేషమును చూచి మెచ్చిరి. తెలుగు తెలియని కవీశ్వరునకు ఆ నటన తెలిసినది. 1927వ సంవత్సరమున అస్వస్థులై మైసూరు సంస్థానమున విశ్రమించుచున్న గాంధీమహాత్ముడు వారి దీనబంధు కబీరు నాటకమును హిందీలో చూచిరి. కాలమును గడియారము చొప్పున ఖర్చుపెట్టు మహాత్ముడు తాను కూర్చుండదలచిన వేళ దాటినను లేవక చూచెనని ప్రతీతి. ఇదియే భరతుడు చెప్పిన దైవసిద్ధి. అచట ఉంగరములు విసరినవారు లేరు. వేళ తెలియక కూర్చున్నవాడొకడు కలడు. నటునకు ఇంతకంటె మేటి బహుమానమేమి కలదు?

1928వ సంవత్సరమున రాఘవాచార్యులవారు ఇంగ్లండు దేశమునకు పోయి, అచటి నాటకశాలలను చూచి, బెర్నార్డు షా మొదలగువారిని కలిసికొనిరి. మఱుసటి సంవత్సరము, అనగా 1929న, తెనాలియందు ఆంధ్రనాటక కళాపరిషత్తు వెలసెను. అప్పటికి సమాజములు వేఱువేఱుగ నుండి, ఒకరి తప్పులు ఒకరు ఎంచుటయే పనిగ నుండెను. కవులను, నటులను, రసికులను ఒక్క వేదికకు తెచ్చుట పరిషత్తు ఆశయము. చూచువారిలో సైతము గుణము నెఱిగి మెచ్చుకొను తీరు పెరుగుటకు అట్టి సభలు తోడ్పడినవి.

స్త్రీపాత్రముల విషయమున వారి పట్టుదల ఇంకను గొప్పది. అప్పటి సమాజములలో మీసము గొఱిగించుకొన్న పురుషులే ద్రౌపదులును చంద్రమతులును. కుటుంబస్త్రీ రంగమెక్కినచో చూచువారి కన్ను ఎట్లుండునో యను శంకయే దీనికి ముఖ్యకారణము. స్త్రీలు ఆడరాదను నియమము నటులవలన కాక ప్రేక్షకుల చూపువలన పుట్టినదన్నమాట. కావున స్త్రీని రంగముపైకి తెచ్చుటయనగా సామాజికుని కన్నును శుద్ధిచేయుటయే. రాఘవాచార్యులవారు విద్యావతులైన స్త్రీలను నటనకు ప్రోత్సహించిరి. పాకాల వేంకటరాజమన్నారుగారు రచించిన తప్పెవరిది యను సాంఘిక నాటకమున కొమ్మూరి పద్మావతీదేవిగారు వారితో కలసి నటించిరి. ఆ రచయితయే పిమ్మట మదరాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియైరి. రాజులు, కిరీటములు, గదలు లేని ఆ నాటకమున వన్సుమోరు కేకకు తావే లేదు. తమవంటి మనుష్యులే తమవంటి యింటిలో మాటలాడుకొనుట చూచి జనులు నివ్వెఱపోయి వినిరి.

తరువాత మాటాడు బొమ్మలు వచ్చినవి. 1936వ సంవత్సరమున ద్రౌపదీమానసంరక్షణమను చిత్రమున రాఘవాచార్యులవారు దుర్యోధనుడుగను, సురభి కమలాబాయిగారు ద్రౌపదిగను, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడుగను నటించిరి. అదే సంవత్సరమున అదే కథతో ద్రౌపదీవస్త్రాపహరణమను వేఱొక చిత్రమును వచ్చెను. అందు యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు. జనులు రెండవదానినే ఆదరించిరి. లోకమంతయు పొగడిన నటునికి తెలుగు ప్రేక్షకుడిచ్చిన తీర్పు అది. రంగముపైనైన నటుడు సభ యొక్క ఊపిరిని వినుచు, దానికి తగినట్లు స్వరమును హెచ్చించును, తగ్గించును. యంత్రము ముందు ఆ ఊపిరి లేదు. సామాజికుడు నెలలు గడచిన పిమ్మట చీకటిలో కూర్చుండును. సభతో మాటలాడుట మరిగిన మహానటునకు ఆ వియోగము వెలితిగ తోచుట వింత కాదు.

1939వ సంవత్సరమున గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన రైతుబిడ్డయందు వారు రైతు వేషము ధరించిరి. జమీందారీలలోని కర్షకుల కష్టములు అందలి కథ. జమీందారులు ఆగ్రహించిరి, కొన్ని ప్రాంతములలో ఆ చిత్రమును ఆడనీయలేదు. మాకు ప్రక్కనున్న పొదిలిసీమ ఆ దినములలో వెంకటగిరి జమీందారీలోనిది. కావున ఆ చిత్రము ఎవరి గుండెను తాకి యుండునో మా వారు వేఱుగ చెప్పించుకొననక్కఱలేదు. రామరాజు నాటకమువలె ఇచటను నిషేధము పడినది చూపించువానిపై కాదు, చూచువానిపై. మఱుసటి యేట చండికయందు కన్నాంబగారితో నటించిరి. అంతటితో వారు తెఱకు దూరమైరి.

రాఘవాచార్యులవారు 1946వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన కీర్తిశేషులైరి. వీరేశలింగము పంతులుగారి జన్మదినమును ఆ తేదీయే. దానినే నేడు తెలుగు నాటకరంగ దినముగ జరుపుచున్నారు. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్రము వెలసినపుడు బళ్లారి మైసూరున చేరెను. ఐనను ఆయన రెండు భాషలవారికిని తమవాడుగనే మిగిలెను. 1981వ సంవత్సరమున భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలబిళ్లను వెలువరించినది. నటుని ముఖము ప్రేక్షకుని చేతిమీదుగ దేశమెల్ల తిరిగినది.

ఇంతకును వారు గెలిచిరా యని ప్రశ్న. సత్యము చెప్పవలెనన్న, పూర్తిగ గెలువలేదు. వారి పిమ్మటను పద్యనాటకము రాగముతోనే సాగినది. మా బాల్యమున మా పల్లెలలో పెట్రోమాక్సు దీపముల వెలుగున హరిశ్చంద్రయు పాండవోద్యోగవిజయములును ఆడినపుడు, వన్సుమోరు కేకలు కొండలకు తగిలి మాఱుమ్రోగుట మేమెఱుగుదుము. ఆ కేకయందును ఒక మేలు కలదని ఒప్పుకొనక తప్పదు. అక్షరము రాని కర్షకుడు తిరుపతి వేంకటకవుల పద్యమును ముమ్మాఱు విని కంఠస్థము చేసికొని, మఱునాడు నాగలి మేడి పట్టి పాడుచు దున్నెను. పాఠశాల లేని ఊళ్లలో ఆ కేకయే వల్లెవేయించు ఉపాధ్యాయుడయ్యెను. నలువది యేండ్లకు దగ్గఱగా బడిలో పద్యములు చెప్పిన మేము దానిని తేలికగ త్రోసివేయజాలము.

కాని వల్లెవేయుట చదువులో మొదటి మెట్టు, అర్థమెఱుగుట రెండవది. పద్యము నోటికి వచ్చిన కర్షకుడు చంద్రమతి దుఃఖమును చూచుట మానరాదు. రాఘవాచార్యులవారు రెండవ మెట్టును చూపిరి. ప్రేక్షకుడు తన్ను పెంచెనని ఎఱిగియు, అతడు కోరినదెల్ల ఇచ్చుట అతనిని గౌరవించుట కాదని వారు నమ్మిరి. కోరనిదానిని సైతము గ్రహింపగల బుద్ధి అతనికి కలదని విశ్వసించుటయే గౌరవము. ఈ విశ్వాసము చేత వారు కొన్నిచోట్ల చప్పట్లు పోగొట్టుకొనిరి. కొన్నిచోట్ల మౌనమును సంపాదించిరి. ఇప్పుడు ప్రతివాని చేతిలోను ఒక తెఱ యుండగా, మెచ్చుకోలు అంకెలలో లెక్కింపబడుచుండగా, ఆ అంకెను చూచియే ఆట, పాట, మాట వండబడుచుండగా, ఈ భేదమును తెలిసికొనుట పూర్వముకంటె అవసరము.

మహాసభకు విచ్చేసిన సోదరులకును, పోషకులైన మహాశయులకును మా విన్నపము ఒక్కటే. రాత్రి ప్రదర్శనమునకు మీరు కూర్చున్నపుడు నటునికి ఇవ్వదలచిన సొమ్మును నాటకము నడుమ ఇయ్యక, ముగిసిన పిదప నిండు చేతులతో ఇయ్యుడు. గాత్రము గలవానికే కాక, ఒక్క మాటయు లేని భటుని వేషమును శ్రద్ధతో ధరించినవానికిని కొంత ఇయ్యుడు. ఇంటి ఆడువారిని ముందు వరుసలకు పిలిచి కూర్చుండబెట్టుడు. నచ్చిన పద్యమునకు చప్పట్లు చఱచుడు. కాని లోహితుని మరణఘట్టమున మాత్రము తెఱ పడువఱకు ఎవరును కేక వేయవలదు.